నూనెగిన్నెలో చూడాల్సిన మొహం

పిల్ల పుట్టి మూడు వారాలు దాటింది, కన్నతండ్రి ఇంకా దాని మొహం చూడలేదు. అతనుండే రెడ్డిగూడెం ఏమన్నా సముద్రాల అవతల ఉందా, బండెక్కితే గంటలో తిరువూరు, పెళ్లాం పుట్టిల్లు. పైగా రాంప్రసాద్ వస్తూనే ఉన్నాడు. అరటిపళ్లో, డైపర్ల ప్యాకెట్లో వరండాలో పెట్టి, అత్తగారు ఇచ్చిన కాఫీ నిలబడే తాగి, గుమ్మానికి వీపు తిప్పుకుని నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతున్నాడు. పెళ్లాం గదిలోకి రాడు. ఫోన్లో వీడియో పెట్టడు. సుప్రజ పంపిన ఫొటోలు ఒక్కటీ తెరవలేదు.

కారణం ఉందిలెండి. పిల్లది మూల నక్షత్రమట. శాంతి జరిపించి, నూనెగిన్నెలో పిల్ల నీడ చూశాకే తండ్రి బిడ్డను నేరుగా చూడాలి. ఆ నక్షత్రం మళ్లీ తిరిగొచ్చేదాకా, అంటే ఇంచుమించు నెల్లాళ్లు, ఆగాల్సిందే. ఈ సంగతి సుప్రజకు చెప్పింది ఆమె తల్లి గోవిందమ్మ. మీ అత్తగారు పంతులుగారికి చూపించారంట అని మాత్రం అంది. అంతకుమించి అడిగితే ఆవిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

సుప్రజకు నక్షత్రాల మీద పేచీ ఏమీ లేదు, మనుషుల మీదే అనుమానం. పుట్టింది ఆడపిల్ల, అందులోనూ చామనఛాయ. తమ ఎరువుల కొట్టుకు వారసుడు కావాలని మొక్కుకున్న అత్తారింటివాళ్లకు మంచి వంక దొరికింది. ఒకే ఒక్కసారి చూడటానికి వచ్చిన అత్తగారు, బట్టల కొట్లో చీరను చూసినట్టు పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, వరండాలోకి పోయి గోవిందమ్మతో ఎంతసేపో గుసగుసలాడింది. అంత గుసగుసలాడాల్సిన సంగతులు మంచివి ఎందుకవుతాయి?

పోనీ కన్నతల్లన్నా తన వైపు ఉందా అంటే అదీ లేదు. పిల్లకు పాలు పట్టడం అయ్యీ కాకముందే గోవిందమ్మ ఎత్తుకుపోయి తన మంచం మీద పడుకోబెట్టుకునేది. తను బజారుకు వెళ్లాల్సొస్తే, పిల్లకు నీళ్లుపోయడానికి వచ్చే సుబ్బాయమ్మను, నేనొచ్చేదాకా గది వదలొద్దని కాపలా పెట్టేది. బాలింతకు ఆంక్షలు సుప్రజకు తెలియనివి కావు. చెవుల్లో దూది పెట్టుకోవాలి, చన్నీళ్లు ముట్టకూడదు, పథ్యం కారప్పొడి అన్నమే తినాలి. కన్నపిల్లతో ఒంటరిగా ఉండకూడదన్న ఆంక్ష మాత్రం ఎవరింట్లోనూ వినలేదు. అందరూ కూడబలుక్కుని పిల్లను తన నుంచి తప్పించడానికి చూస్తున్నారని ఆమెకు గట్టిగా అనిపించింది. తిరిగి తెచ్చి ఇచ్చినప్పుడల్లా ఇది తన పిల్లేనా అని చెవి వెనక పుట్టుమచ్చ వెతుక్కునేది. నిద్ర పట్టేది కాదు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. ఈ పిల్లను వాళ్ల నాన్న కాదంటే తను ఒక్కతీ దీన్ని ఏం చేసుకోవాలి?

ఆ రోజు రాంప్రసాద్ పొద్దున్నే వచ్చాడు. గోవిందమ్మ వంటింట్లో పిండి కలుపుతోంది. సుబ్బాయమ్మ పిల్లకు నీళ్లుపోసి, సాంబ్రాణి పట్టి, గుడ్డలో చుట్టి సుప్రజ చేతికిచ్చి, బకెట్లు కడగడానికి పెరట్లోకి పోయింది. ఇంత అదను మళ్లీ దొరకదని సుప్రజ పిల్లతో సహా వరండాలోకి వచ్చేసింది.

అలికిడికి తిరగబోయిన రాంప్రసాద్, ఆమె చేతుల్లో గుడ్డ మూట కనపడగానే కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. లోపలికి తీసుకెళ్లమని బతిమాలాడు.

"ఆడపిల్ల అనా, నల్లగా ఉందనా? ఏదో ఒకటి చెప్పి వెళ్లండి," అంది సుప్రజ.

"అవేం మాటలు? రెండో పాదమంట, శాంతి కాకుండా నేను చూస్తే తల్లికి గండమంట. మీ అమ్మగారే ఏడుస్తూ చెప్పారు. గండం నాకైతే లెక్కచెయ్యను. నీకేమన్నా అయితే నేనేం చెయ్యను?"

నక్షత్రం చూపించింది మా అత్తగారు కదా అని సుప్రజ అడిగింది. పిల్ల దీపాలు పెట్టేవేళ పుట్టిందని మీ అమ్మగారు చెబితేనే మావాళ్లు పంచాంగం తీశారు, అప్పటికే మూల వచ్చేసిందట అన్నాడతను. కాన్పు రోజున అతను సరుకు కోసం గుంటూరు వెళ్లి రాత్రికి గానీ రాలేదు. ఆసుపత్రి వరండాలో గోవిందమ్మ ఏది చెబితే అదే నమ్మాడు. పిల్ల పుట్టింది మాత్రం మధ్యాహ్నం, నర్సులు అన్నాల క్యారియర్లు విప్పుకునే వేళ. ఆ పప్పుచారు వాసనకు తనకు డోకు రావడం సుప్రజకు బాగా గుర్తు.

ఆమె పిల్లనెత్తుకునే వంటింట్లోకి వెళ్లి, వేళ ఎందుకు మార్చి చెప్పావమ్మా అని నిలదీసింది. గోవిందమ్మ పిండి చేతులతోనే తలుపు దగ్గరికి వేసింది.

"పుట్టగానే పక్కలో పడుకోబెడితే ఏమన్నావో గుర్తుందా?" అంది గొంతు తగ్గించి. "ఇది నా పిల్ల కాదు, ఎవరిదో తెచ్చి పెట్టారు, తీసుకుపొమ్మన్నావు. దాని మొహం నిండా దుప్పటి కప్పేశావు. నేను లాగెయ్యకపోతే ఏమయ్యేదో. ఆ మాట మీ అత్తారింట్లో తెలిస్తే నిన్ను గడప తొక్కనిస్తారా? సాయంత్రానికి మూల వస్తోందని తెలిసి అలా చెప్పాను, అల్లుడు దూరంగా ఉంటే నెల తిరిగేసరికి నువ్వే బాగవుతావనుకున్నానమ్మా."

ఆ మాటలు మనసులో అనుకోవడం సుప్రజకు గుర్తుంది. పైకి అన్నానని మాత్రం ఇన్నాళ్లూ తెలియదు. ఇంటిల్లిపాదినీ అనుమానించింది గానీ, అమ్మ భయపడుతున్నది తనను చూసేనని ఒక్కసారన్నా తోచలేదు. చేతుల్లో పిల్లను చూస్తే ఆమెకు మొదటిసారి తన మీద తనకే భయమేసింది.

"ఇప్పటికీ ఒక్కోసారి అలాగే అనిపిస్తోందమ్మా," అంది.

గోవిందమ్మ అల్లుడితో ఈ మాట అనొద్దని, ఇంకో వారం ఓపిక పడితే శాంతి అయిపోతుందని, అన్నీ అవే సర్దుకుంటాయని చెయ్యి పట్టుకుని బతిమాలింది. సుప్రజ చెయ్యి విడిపించుకుని వరండాలోకి నడిచింది. రాంప్రసాద్ దాగుడుమూతల్లో పిల్లాడిలా కళ్లు మూసుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"కళ్లు తెరవండి. నక్షత్రంలో దోషమేం లేదు. నాకే బాగాలేదు."

అతను కళ్లు తెరిచాడు. ఇన్నాళ్లూ చూడని పిల్ల చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. అయినా అతను సుప్రజ మొహమే చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత పిల్లను జాగ్రత్తగా తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"కూర్చో," అన్నాడు. "ఎప్పట్నించి?"