అర నూలు తేడా

వాహిద్ ఆ రబ్బరు బిళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మూడోసారి తిప్పాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కి ఉన్నాయి. సామాను చూడడానికి ఆయనకు వేళ్లు చాలు. కళ్లద్దాలు ఓనరు ఇక్బాల్ ఏ మూడ్‌లో ఉన్నాడో చూసుకోడానికి. ప్రొద్దుటూరులోని ఆ స్పేర్ పార్టుల అంగట్లో ముప్పై తొమ్మిదేళ్లుగా ఆయన నిలబడే చోట గచ్చు రెండు పాదాల మేర నునుపుదేలి ఉంది.

పాత సామాను చేతికి ఇవ్వందే కొత్తది ఇవ్వకపోవడం ఆయన పద్ధతి. మోడలు పేరు చెప్పినా, ఫోన్లో ఫోటో చూపించినా ఒప్పుకోడు.

"ఫోన్లో ఉండేది కంపెనీ కారు. నీ ఇంటికాడ ఉండేది వేరే కారు. ముసలి కారుకు శానా పెండ్లిండ్లు అయింటాయప్పా, ఏ భాగం ఏ ఇంటిదో ఎవురికి తెల్సు?" అంటాడు.

ఆ మాటకు కౌంటర్ అవతల నిలబడిన బెంజమిన్ నవ్వాడు. జమ్మలమడుగు మనిషి, ఫ్యాక్టరీలో ఫిట్టరు. కాలంచేసిన దేవపాలు సారు కొడుకు. సారు వేలంలో కొన్న తెల్ల అంబాసిడర్ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

"బ్రేకు సిలిండర్ రబ్బరు మామా. ముందు చక్రాలు రెండింటికీ ఇయ్యి. కుడిపక్కది ఊడదీసుకోని తెచ్చినా. రేపు పులివెందులలో మా అక్క కూతురు బ్లెస్సీ పెండ్లి. మా అమ్మేమో, నాయన కార్లోనే వస్తానని పట్టు పట్టింది. సాయంత్రం బయల్దేరాల."

వాహిద్ నిచ్చెన కూడా వేసుకోకుండా మూడో అరలోంచి డబ్బా తీసి, కొలతలు తీసే వర్నియర్ దవడల మధ్య పాత బిళ్లను, కొత్త బిళ్లను ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. వెంట్రుక తేడా లేదు. అదే కొలతవి రెండు పక్కలకూ ఇచ్చి పంపాడు. మంచి కారు, మంచి మనిషి కొడుకు అనుకుని కాసేపు సంతోషంగా ఉన్నాడు.

మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి, భార్య మెహబూబున్నీసా కట్టిచ్చిన అన్నం డబ్బా విప్పేముందు, పాత రబ్బరును గోడకు వేలాడగట్టబోయాడు. అదీ ఆయన పద్ధతే. వాడి పారేసిన ప్రతి ముక్కనూ కారు వారీగా ఒక్కో తీగకు గుచ్చి, అట్టముక్క మీద వివరం రాసి కడతాడు. చదువు మదరసాలో సాగింది కాబట్టి మాటలు తెలుగువి, అక్షరాలు ఉర్దూవి. తెలుగు చదివేవాళ్లకు అక్షరం తెలీదు, ఉర్దూ చదివేవాళ్లకు ఆ మాటలు తల తిరిగేలా ఉంటాయి. అంగట్లో ఆ గోడను చదవగలిగింది ఆయనొక్కడే.

దేవపాలు సారు తీగ దింపితే, అడుగున నూనె పట్టిన అట్టముక్క ఒకటి కనబడింది. కళ్లద్దాలు దించుకుని చదివాడు. 'ఎడమ ముందు చక్రం. జీపు సిలిండర్. అర నూలు పెద్దది.' నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అందులో సగం తేడా.

వాహిద్ స్టూలు మీద కూలబడ్డాడు. పద్దెనిమిదేళ్ల కిందట సారు ఆసుపత్రి పని మీద కర్నూలుకు పోవాలంటే అసలు సామాను దొరక్క, జీపు సిలిండర్‌ను లేతు మిషను మీద చెక్కించి ఎడమ చక్రానికి తానే ఇచ్చాడు. ఆ కారుకు మారు పెండ్లి చేసిన పెద్దమనిషి తానేనన్నమాట. పెద్ద సిలిండర్లో చిన్న రబ్బరు నాలుగు తొక్కులకు నిలుస్తుంది, ఆ తర్వాత ఆయిలు వదిలేస్తుంది. పులివెందుల దారిలో ముద్దనూరు ఘాట్ ఉంది. ఆయనకు భయం వేసింది, అంతకన్నా ఎక్కువగా సిగ్గు వేసింది.

"బెంజమిన్ ఫోన్ నంబరు ఉండాదా?"

"బిల్లు వద్దన్యాడు, నంబరు యాడిది మామా?" అన్నాడు ఇక్బాల్. "లీకైతే వాళ్లే వస్తార్లే. అన్నం తిను."

"ఘాట్లో లీకైతే యాడికి వస్తారురా?"

వర్నియర్, నాలుగు రకాల రబ్బర్లు జేబులో వేసుకుని వాహిద్ బస్టాండుకు నడిచాడు. అన్నం డబ్బా విప్పలేదు.

జమ్మలమడుగులో దిగి, అంబాసిడర్ ఉండే ఇల్లు ఏదని అడిగితే మూడో మనిషి చూపించాడు. ఎండ మాడ్చేస్తోంది. ఎడమ భుజం లాగుతుంటే, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడినందుకేలే అనుకున్నాడు. రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగాడు. మూడోచోట ఆగకపోవడానికి కారణం, అప్పటికే వీధి చివర కారు స్టార్టు చేసిన శబ్దం వినబడడమే.

పెట్టెలు డిక్కీలోకి ఎక్కేశాయి. పట్టుచీర కట్టుకుని బెంజమిన్ అమ్మ అరుణకుమారి టీచరు ముందు సీట్లో కూర్చుని ఉంది. వాహిద్ పోయి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"ఆపప్పా. తప్పు సామాను ఇచ్చినా."

"బ్రేకు బాగానే పడతాంది మామా," అన్నాడు బెంజమిన్ దిగి.

"ఇప్పుడు పడతాది. ఎడమ చక్రం ఇప్పు."

బెంజమిన్‌కు పొద్దు పోతోందన్న విసుగు ముఖంలోనే కనబడుతోంది. అయినా జాకీ ఎత్తి చక్రం ఊడదీశాడు. డ్రమ్ము బయటికి రాగానే ఇద్దరూ చూశారు. సిలిండర్ అంచున తడి. ఒక్క చుక్క అప్పుడే కిందికి జారడానికి సిద్ధంగా ఉంది. బెంజమిన్ దాన్ని వేలితో తుడిచి, ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. తరువాత స్పానర్ అందుకున్నాడు.

వాహిద్ వీధిలోనే చతికిలబడి కొలిచాడు. అర నూలు పెద్ద రబ్బరు ఎక్కించాక, పైపులోని గాలి తీయడానికి పెడలు తొక్కే మనిషి కావలసివచ్చింది. టీచరే డ్రైవరు సీట్లోకి జరిగి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చెప్పులు విడిచి పెడలు మీద కాలు పెట్టింది.

"తొక్కుమ్మా. పట్టుకో. ఇప్పుడు వదులు," అంటున్నాడు బెంజమిన్ కింద నుంచి.

"ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు నేను చెప్తి, ఇప్పుడు వీడు నాకు చెప్తాండాడు," అంది ఆమె. వాహిద్ నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదలు.

పని అయ్యాక జేబులోంచి తెల్ల అట్టముక్క ఒకటి తీసి ఆమెకు ఇచ్చాడు.

"నా రాత నాకు తప్ప ఎవురికీ రాదు టీచరమ్మా. తెలుగులో మీరు రాయండి. రేపు నేను లేకున్నా ఈ కారు మోసపోగూడదు."

ఆయన చెప్పినట్టే ఆమె బడిపిల్లల కాపీ పుస్తకంలోలాగా గుండ్రంగా రాసింది: 'ఎడమ ముందు చక్రం అర నూలు ఎక్కువ. కొలిచి వేయవలెను.' కింద పేరు వద్దంటే వినకుండా 'వాహిద్' అని కూడా రాసింది. వాహిద్ దాన్ని తీగతో డ్యాష్‌బోర్డు మీది గుండీకి కట్టాడు. ముడి వేయడానికి వేళ్లు మామూలుకన్నా ఎక్కువసేపు తీసుకున్నాయి.

"బస్టాండుకాడ దింపుతాం. ముందు కూర్చో వాహిద్ భాయ్," అని టీచరు వెనక సీట్లోకి మారింది.

ఎన్ని వందల అంబాసిడర్లకు సామాను ఇచ్చాడో లెక్కలేదు గానీ, ఒకదాని ముందు సీట్లో కూర్చోవడం ఆయనకు అదే తొలిసారి. సీటు మెత్తగా లోపలికి దిగింది. ఇంజను ఏ తేడా లేకుండా ఆడుతోంది. వీధి మలుపులో మేకలు అడ్డం వస్తే బెంజమిన్ బ్రేకు తొక్కాడు.

"కారు ఎటన్నా పక్కకు లాగినాదా?" అన్నాడు వాహిద్ కళ్లు మూసుకునే.

"లేదు మామా. ఎటూ పోకుండా నేరుగా నిలబడింది."

"అట్లయితే సరే."

బస్టాండు ఎదుట బెంజమిన్ మెల్లగా కారు ఆపాడు. ప్రొద్దుటూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. "మామా, బస్సు పోతాది," అన్నాడు. మళ్లీ అన్నాడు. వాహిద్ మూసిన కళ్లు తెరుచుకోలేదు. వెనక నుంచి టీచరు చెయ్యి చాచి వాహిద్ భుజం తాకింది, తాకిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కండక్టరు రెండుసార్లు పిలిచి విజిలేశాడు.

డ్యాష్‌బోర్డుకు కట్టిన తెల్ల అట్టముక్క పక్కనుంచి పోయిన బస్సు గాలికి ఒకసారి ముందుకు పోయి, వెనక్కి వచ్చి, ఎటూ వాలకుండా నిలువుగా ఆగింది.