వీధంతా నిమ్మగడ్డి వాసన

మా ఇంటి వెనక నిమ్మగడ్డి నూనె తీసే బట్టీ ఉంది. పెద్ద డ్రమ్ములో గడ్డి, అడుగున నీళ్లు, కింద మంట. గడ్డిలోంచి లేచిన ఆవిరి నూనెను వెంటబెట్టుకుని చుట్లు తిరిగిన గొట్టంలోకి పోతుంది. ఆ గొట్టం నీళ్లతొట్టిలో మునిగి ఉంటుంది. అక్కడ చల్లదనం తగిలి ఆవిరి మళ్లీ నీళ్లుగా, నూనెగా మారి, చివర పెట్టిన గిన్నెలోకి చుక్కలుగా పడుతుంది. పైన తేలిన నూనెను తీసి వ్యాపారి ఇచ్చిన డబ్బాలో పోస్తాం.

ఆ రోజు తొట్టికి నీళ్లు తోడే మోటారు కాలిపోయింది. తొట్టిలో నీళ్లు మార్చడానికి అత్త, నేను వీధి చివరి కుళాయి నుంచి బకెట్లు మోశాం. మధ్యాహ్నానికి నా భుజాలు నావి కావనిపించింది. అత్త మెట్టు మీద కూలబడింది.

"ఇంక నా వల్ల కాదే. నన్ను కూడా ఆ డ్రమ్ములో వేసేయమను మీ నాన్నని. ఎంతో కొంత నూనె దిగుతుంది," అంది.

నాన్న నవ్వలేదు. సాయంత్రం వ్యాపారి వస్తాడు. నిండని డబ్బా ముట్టుకోడు, వచ్చే కోత దాకా మళ్లీ రాడు. ఈ కోతలో మాకు ఇదే ఆఖరి గడ్డి.

నేనూ అత్త పక్కన చతికిలబడ్డాను. కాసేపటికి చుక్కలు తగ్గాయి. "మంట చాలట్లేదు," అని నాన్న ఇంకో దుంగ తోశాడు.

పక్కింటి దర్జీ గోడ మీంచి తొంగిచూశాడు. "ఏం బావా, వాసన మా మిషను దాకా కొడుతోంది. ఇవాళ నూనె బాగా దిగుతున్నట్టుందే."

"మరేమనుకున్నావు," అని నాన్న మరో దుంగ తోశాడు.

నాకు అనుమానమొచ్చి లేచాను. గొట్టం చివర చుక్కతోపాటు తెల్లగా ఆవిరి వస్తోంది. తొట్టిలో వేలు పెట్టి చటుక్కున తీసేశాను.

"నాన్నా, నీళ్లు కాగిపోయాయి."

"ఏంటే గొణుగుతున్నావు?"

దర్జీ నన్నే చూస్తున్నాడు. బయటివాళ్ల ముందు నాకు నోరు పెగలదు. నాన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి తొట్టిలో ముంచాను. నాన్న ఉలిక్కిపడి చెయ్యి తీసుకున్నాడు. గొట్టం వంక చూశాడు, దర్జీ వంక చూశాడు.

"అయితే ఈయన పీలుస్తున్నది మన నూనేనా?"

"గడ్డి కోతకి పిలిస్తే రాలేదు గానీ, పీల్చడానికి ముందే వచ్చాడు," అంది అత్త.

నాన్న దుంగలు బయటికి లాగి బకెట్లు అందుకున్నాడు. దర్జీ సిగ్గుపడి మిషను పని వదిలేసి వచ్చాడు. నలుగురం మోశాం. చుక్కలు మళ్లీ పడ్డాయి గానీ, పోయింది తిరిగి రాలేదు.

వ్యాపారి వచ్చి డబ్బా మూత తీశాడు. బెత్తెడు వెలితి.

"మిగతాది వీధిలోనే ఉందండీ, పట్టుకోగలిగితే పట్టుకోండి," అంది అత్త.

అతను మూత తిరిగి పెట్టి బండెక్కాడు.

నాన్న ఆ మూత బిగించాడు. డబ్బాను లోపలికి మోసే ఓపిక ఎవరికీ లేదు. దాని పక్కనే నడుం వాల్చి, "వచ్చే కోత దాకా ఉంటుందిలే," అని కళ్లు మూసుకున్నాడు.