ముడి విప్పం

సాయంత్రం వ్యాన్లు తిరిగొచ్చే వేళకి అల్ ముంతజాలోని ఆ విల్లా గేటు లోపల ఒక కుర్చీ వేసి ఉండేది. కుర్చీలో ఇన్‌ఛార్జి గ్లోరియా, ఆమె చేతిలో సన్నపళ్ళ దువ్వెన. దోహా ఇళ్ళల్లో గంటల లెక్కన పాచిపని చేసే ఆడవాళ్ళంతా వ్యాను దిగి, ఒక్కొక్కరే ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముడి విప్పుకోవాలి. చెమటకి తడిసి ముద్దయిన జుట్టులోకి దువ్వెన దిగేది. ఏమీ రాలకపోతే లోపలికి వెళ్ళి అన్నం తినొచ్చు.

ఎప్పుడో ఒక ఇంటావిడ చెవికమ్మ పోయిందని మొదలైన సోదా ఇది. ఆ కమ్మ ఆవిడ సోఫా కిందే దొరికింది. దొరికిందని కంపెనీకీ తెలుసు, వ్యాను తోలే రసూల్ నోటి మీదుగా ఆడవాళ్ళకీ తెలుసు. అయినా సోదా ఆగలేదు. సాటి మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం ఒకసారి రుచి మరిగాక ఎవరు ఊరికే మానుకుంటారు?

ఆ బుధవారం వరసలో వంజిరు వంతు వచ్చింది. కెన్యా మనిషి. ఇన్నాళ్ళూ ఆమె తలగుడ్డని పైపైన తడిమి వదిలేసేవారు. ఆ రోజు పెద్ద మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు, గుడ్డ తియ్యమన్నాడు. వంజిరు తియ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చోనూ లేదు. చేతులు చూసుకోండి, సంచి చూసుకోండి, ఈ తల మాత్రం నేను దేవుడికి ఇచ్చేశాను అని నెమ్మదిగా చెప్పింది. మేనేజరు గ్లోరియా వైపు చూశాడు. గ్లోరియా లేచి గుడ్డ పట్టుకుని లాగేసింది. కొబ్బరి తాళ్ళలా పేనుకుపోయిన జడలు నడుం దాకా జారాయి. వరసలో ఉన్నవాళ్ళంతా తమ ఒంటి మీది గుడ్డే ఎవరో లాగినట్టు తలలు దించుకున్నారు. శనివారం పొద్దున్న వ్యాను ఎక్కేసరికి ఆ జడలు ఉండకూడదని, ఉంటే మనిషి ఈ దేశంలో ఉండదని మేనేజరు చెప్పి వెళ్ళిపోయాడు.

వరసలో ఆమె వెనకే, అప్పటికే ముడి విప్పుకుని సిద్ధంగా ఉన్న దీనమ్మకి అప్పుడు జాలి కలిగిందని రాస్తే అది అబద్ధం. ఆమెకి కలిగింది అసూయ. ఒళ్ళంతా మండిపోయేంత అసూయ.

దీనమ్మది అమలాపురం అవతల ఒక పేట. విల్లాలో అందరికన్నా పాత మనిషి, అందరికీ అక్క. శుక్రవారం ప్రార్థనలో పాట ఎత్తేది ఆమే. వాళ్ళ క్రైస్తవ సహవాసంలో ఆడవాళ్ళు నగ పెట్టరు, జుట్టుకి కత్తెర తగలనివ్వరు, తల మీద ముసుగు తియ్యరు. దీనమ్మ తీసేసింది. వచ్చిన మొదటిరోజే కంపెనీ టోపీ తప్ప ఇంకేం పెట్టుకోకూడదంటే ముసుగు మడిచి పెట్టె అడుగున దాచింది. డ్యూటీలో కళ్ళు తిరుగుతున్నాయని ఉపవాసం మానేసింది. ముడి విప్పమంటే విప్పింది. విప్పిన ప్రతిసారీ, ఏం చేత్తాం, పొట్ట తిప్పలు అని తనకి తానే సర్ది చెప్పుకుంది. సర్ది చెప్పుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

అలాంటి ఇంట్లోకి ఈ వంజిరు దిగింది. ఆమెది రాస్తఫారీ మార్గం. తలకి దువ్వెన, కత్తెర తగలకూడదన్నది వాళ్ళ మొక్కు. బైబిల్లోని నాజీరుల మొక్కు అని ఆమె చెప్పగానే దీనమ్మ ఉలిక్కిపడింది. అది తనకి తెలిసిన వాక్యమే, తను చిన్నప్పుడు కంఠతా పట్టిన వాక్యమే. దాన్ని ఈ పిల్ల ఒంటి మీద మోస్తోంది. మాంసం తినదు, డబ్బాల్లో వచ్చే సరుకు తినదు, ఉప్పు ముట్టదు. భూమిలోంచి వచ్చింది వచ్చినట్టే తినాలట. గదిలో చిన్న కరెంటు పొయ్యి మీద చిక్కుడు గింజలు, గుమ్మడికాయ, ఆకుకూర కొబ్బరిపాలలో ఉడకబెట్టేది. కొబ్బరిపాల వాసనకి విల్లా అంతా ఆ గది గుమ్మంలో చేరేది. కోనసీమ మనిషి ఉండగా కొబ్బరి వండే పేరు ఎవత్తో కొట్టుకుపోవడం దీనమ్మ ఓర్చుకోలేకపోయేది.

వండటం ఒకటేనా? వంజిరు ప్రతి ఆడమనిషినీ ఎంప్రెస్ అని పిలిచేది. పొద్దస్తమానం "ఏయ్, యల్లా, కదులు" అని పిలిపించుకునే వాళ్ళని మహారాణీ అంటే ఎలా ఉంటుంది? కడప జిల్లా శివకుమారి ఆ మాట విన్న రోజు బక్కెట్టు పట్టుకుని రాణిలా నడిచి అందరినీ నవ్వించింది. సాయంత్రాలు గుండ్రంగా కూర్చునేవాళ్ళు. వంజిరు ఒళ్ళో బోర్లించిన బక్కెట్టు మీద గుండె కొట్టుకున్నట్టు నిదానంగా దరువు వేసేది. తర్వాత ఒక్కొక్కరూ తమ వంతు మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. మనం, మీరు అనదు వంజిరు. నేనూ నేనూ అంటుంది. నీలో ఉన్న దేవుడే నాలోనూ ఉన్నాడు, ఇంక మీరెవరు అని ఆమె లెక్క. దీనమ్మ ప్రార్థనలో దీనమ్మే చెప్పేది, మిగతావాళ్ళు ఆమేన్ అనేవాళ్ళు. ఇక్కడేమో నేపాల్ పిల్లలు కూడా నోరు విప్పుతున్నారు. శుక్రవారం ప్రార్థన పలచబడిపోయింది.

ఒకరోజు దీనమ్మ ఉండబట్టలేక అడిగేసింది, ఇథియోపియాని ఏలిన చక్రవర్తిని, హైలే సెలాసీని, దేవుడంటారట, మనిషి దేవుడెలా అవుతాడని. వంజిరు కోప్పడలేదు. మీ ప్రార్థన గది క్యాలెండరు మీద దేవుడు ఎవరిలా ఉన్నాడు, మేనేజరులా ఉన్నాడా నీలా ఉన్నాడా అని తిరిగి అడిగింది. నల్లవాడు సింహాసనం మీద కూర్చోవడం చూశాకే మావాళ్ళు తల ఎత్తారంది. తెల్లవాళ్ళ మీద పోరాడుతూ అడవుల్లో ఉన్నప్పుడు తన తాతకి కూడా ఇలాంటి జడలే ఉండేవంది. ఇంకోమాట కూడా అంది. దేవుడి జనాన్ని చెరపట్టిన బబులోను ఎక్కడో పాతకాలంలో లేదట. మన పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసిందే బబులోను, దువ్వెన పట్టుకుని కుర్చీలో కూర్చుందే బబులోను. దీనమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బబులోను గురించి ఎన్ని శుక్రవారాలు చెప్పింది తను! దాన్ని తెచ్చి గేటు ముందు నిలబెట్టాలని తనకెందుకు తట్టలేదు?

అందుకే ఒకరోజు గ్లోరియా చెవిలో ఊదింది, ఫలానా గదిలో రూలుకి విరుద్ధంగా పొయ్యి ఉందని. అప్పటికే ఆ మతమంతా గంజాయి మతమని గ్లోరియా ఎక్కడో విని ఉంది. గది తిరగేస్తే ఎండు పుదీనా, మెంతులు తప్ప ఏం దొరకలేదు. పొయ్యి మాత్రం పట్టుకుపోయారు. దీనమ్మ అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. వంజిరు నానబెట్టిన గింజలూ ఖర్జూరాలూ దోసకాయలూ తినడం మొదలుపెట్టింది, శివకుమారితో సహా సగం మంది మెస్సు భోజనం వదిలేసి ఆమె పక్కన కూర్చుని అవే నమిలారు. దీనమ్మ ఒక్కతే మూలన కూర్చుని కోడికూర తింది.

తలగుడ్డ లాగిన మర్నాడు, గురువారం, గ్లోరియా దీనమ్మని ఆఫీసు గదిలోకి పిలిచింది. ఇద్దరిదీ ఒకే సహవాసం, ఒకే భాష. ప్రార్థనలో సిస్టర్, ఇక్కడ మేడం. గ్లోరియా మొహం పీక్కుపోయి ఉంది, ఆమె మీదా మేనేజరు కేకలేసినట్టున్నాడు. బల్ల మీద కత్తెర పెట్టింది.

"దీనక్కా, నువ్వు చెప్తే వింటుంది. వినకపోతే పడుకున్నప్పుడైనా కత్తిరించెయ్. అదేమన్నా మన దేవుడి మొక్కా, ఎవరో రాజు మొక్కు. నీకే పాపమూ అంటదు. వచ్చే నెల నుంచి నిన్ను లీడర్‌ని చేయిస్తాను."

దీనమ్మ కత్తెర తీసుకుంది. ఎందుకు దాచాలి, అది చేతిలో పడ్డప్పుడు లోపల చల్లగా కూడా అనిపించింది. ఆ జడలు తెగితే అందరూ ఒకటే. అందరూ ఇచ్చినవాళ్ళే. ఇవ్వనివాళ్ళంటూ ఎవరూ ఉండరు.

శుక్రవారం సెలవు. వంటగదిలో ఆడవాళ్ళంతా చేరారు. నోళ్ళు లేచాయి. జడలు మళ్ళీ పెరుగుతాయి, పోయిన వీసా రాదు, కత్తిరించుకో అని కొందరు. పిల్లల్ని వదిలి వచ్చినదాన్ని, నన్నిందులోకి లాగకండి అని ఒక నేపాలీ ఆమె ఏడ్చింది. కాగితం రాసి సంతకాలు పెడదామంది ఒక ఫిలిప్పీన్స్ పిల్ల, మొదటి సంతకం ఎవరిదనేసరికి అందరూ చల్లబడ్డారు. అప్పుడు శివకుమారి గట్టు మీద చరిచింది.

"ఈ యమ్మ జడల సంగతి కాదు ఇది. దినాము మన తలల్లో దువ్వెన పెట్టి దొంగముండల్ని ఎతికినట్టు ఎతుకుతాండారు గదా, అది ఎవురి సంగతి? రేపు పొద్దున మనం బండి ఎక్కకపోతే ఆ ఇండ్లన్నీ యెవురు కడుగుతారు? మేనేజరు కడుగుతాడా?"

ఎవరో నవ్వారు. నవ్వు ఆగాక అది నవ్వే మాట కాదని అందరికీ ఒకేసారి అర్థమైంది. ఇన్నాళ్ళూ కంపెనీ తమకి అన్నం పెడుతోందనుకున్నారు. కంపెనీ బతికేది ఈ చేతుల మీద అని లెక్క కట్టుకోవడం ఇదే మొదలు.

అప్పుడు శివకుమారి దీనమ్మ వైపు తిరిగింది. "పొయ్యి సంగతి చెప్పింది నువ్వే గదక్కా?" అని సూటిగా అడిగింది.

దీనమ్మ కొంగులోంచి కత్తెర తీసి మధ్యలో పడేసింది.

"నేనే చెప్పాను. కుళ్ళుతోనే చెప్పాను. ఈ కత్తెరా నాకే ఇచ్చారు. ఈవిడొచ్చాక నా మాట ఎవరిక్కావాలి మీకు? నేను ఒకటొకటే ఇచ్చుకుంటా వచ్చాను. ఈవిడేటి, ఏదీ ఇవ్వకుండా నిలబడుద్ది? అది చూత్తంటే నాకు కడుపు మండిపోతంది."

వంజిరు కత్తెర ముట్టుకోలేదు. వచ్చీరాని హిందీలో, తనకేం ధైర్యం లేదంది. వ్యాను దిగే ముందు రోజూ భయమేస్తుందంది. "ఇవ్వకూడనిది ఒకటన్నా ఉండాలనుకున్నాను అక్కా, అంతే. నీది ఏది?"

దీనమ్మకి కామందు అరుగు కనపడగానే తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునే తండ్రి గుర్తొచ్చాడు. తనూ అదే చేసింది. ఊరు మారింది, అరుగు మారింది, తల అదే. గదిలోకి పోయి పెట్టె తెరిచింది.

శనివారం పొద్దున్న రెండు వ్యాన్లు ఇంజన్లు వేసుకుని నిలబడ్డాయి. గ్లోరియా గేటు దగ్గరే కాచుకుని ఉంది. వంజిరు తలగుడ్డ నిండుగా ఉండటం చూసి దీనమ్మని వెతికింది. దీనమ్మ వచ్చింది. నెత్తి మీద టోపీ లేదు. తెల్లటి ముసుగు చెవుల దాకా బిగించి ఉంది. కత్తెర గ్లోరియా చేతిలో పెట్టింది.

"మీ సామాను మీరే ఉంచుకోండి సిస్టర్. ఇకనుంచి మా ముడి విప్పం" అని ముందు వ్యాను ఎదురుగా నేల మీద కూర్చుంది.

ఒక క్షణం ఆమె ఒక్కతే. ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది. తర్వాత శివకుమారి కూర్చుంది, వంజిరు కూర్చుంది, నిన్న ఏడ్చిన నేపాలీ ఆమె ఇప్పుడూ ఏడుస్తూనే వచ్చి కూర్చుంది. అందరూ తలలకి ఏదో ఒకటి చుట్టుకున్నారు, తువ్వాళ్ళు, చున్నీలు, ఒకావిడైతే దిండు గలీబు. గ్లోరియా ఫోను మోగింది. ఒక ఇంటివాళ్ళు, ఇంకో ఇంటివాళ్ళు, పనిమనిషి రాలేదేమని. ఆమె మాఫీ మాఫీ, మనుషుల్లేరు అంటూ అటూ ఇటూ నడిచింది. ఎండ ఎక్కింది. వంజిరు నేల మీదే అరచేత్తో దరువు మొదలుపెట్టింది. దీనమ్మ ఆ దరువు మీద తన పాట ఎత్తింది. అతికింది.

పెద్ద మేనేజరు కారు దిగాడు. ఒక్కర్ని తీసేస్తే మిగతావి చెదురుతాయని ఆయన అనుభవం. దీని వెనక ఉన్నదెవరని అరిచాడు. గ్లోరియా వేలు వంజిరు వైపు లేచింది.

దీనమ్మ కడుపులో పాత మంట భగ్గుమంది. మళ్ళీ ఆవిడేనా? ఈ పేరూ ఆవిడకేనా? ముందు కూర్చున్నది ఎవరు?

"ఆవిడ కాదండి. నేను" అని లేచి నిలబడింది.

ఆమెని కారెక్కించారు. అల్ సద్ ఆఫీసుకి, అక్కణ్ణుంచి ఎక్కడికో ఎవరికీ తెలియదు. మేనేజరు ముందు సీట్లో కూర్చున్నాడు, తోలడానికి రసూల్‌ని పిలిచారు. గేటు దాటుతుంటే దీనమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ చెదరలేదు. తను కూర్చున్న చోటే, ఇంకా వేడి ఆరని చోటే, శివకుమారి జరిగి కూర్చుని చెయ్యెత్తి ఏదో చెబుతోంది. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. కాసేపన్నా నా కోసం ఏడవరా అని దీనమ్మకి చురుక్కుమంది.

సిగ్నలు దగ్గర రసూల్ ఫోను చూసుకున్నాడు. ముందున్నాయనకి తెలుగు రాదు. అద్దంలోంచి దీనమ్మని చూస్తూ, ఆయన్నే దారి అడుగుతున్నంత మామూలుగా చెప్పాడు.

"అల్ సద్‌లో మన కంపెనీదే ఇంకో బిల్డింగు ఉండాది గదక్కా. ఆడ గూడా ఆడోల్లు బండి ఎక్కలేదంట. కింద కూర్చోనుండారంట."

దీనమ్మ నిటారుగా కూర్చుంది.

"మాకంటే ముందా, తర్వాతా?" అని అడిగింది.

"మీ తర్వాతే."

"అలా చెప్పు మరి" అని దీనమ్మ ముసుగు సర్దుకుని కిటికీలోంచి రోడ్డు చూడసాగింది.