పక్కవాళ్ళు కనబడని చిన్నకోడలు

చొక్కాల ఫ్యాక్టరీలో పొద్దుటి గంట మోగింది. కాలర్ల మిషన్ ముందు కూర్చున్న పెద్దకోడలు తలెత్తి నవ్వింది. పక్కనుంచి వెళ్తున్న చిన్నకోడలు ఆ నవ్వు చూడకుండానే సాగిపోయింది.

"చూశావా? సూపర్‌వైజర్ అయ్యాక కళ్ళు నెత్తికెక్కాయి," అంది పెద్దకోడలు, పక్కన బొత్తాలు కుట్టే ఆవిడతో.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. ఫ్యాక్టరీలో ముందు చేరింది పెద్దామె. తోటికోడలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మిషన్‌కి దారం ఎక్కించడం దగ్గర్నుంచీ నేర్పిందీ ఆమే. తీరా సూపర్‌వైజర్ కుర్చీ మాత్రం చిన్నామెకు దక్కింది. అప్పట్నుంచి పెద్దకోడలికి తిన్నది ఒంటబట్టడం లేదు. ఇంట్లో అత్తగారు "అలసిపోయావు, కాసేపు కూర్చో చిన్నమ్మాయ్" అంటే చాలు, కడుపు భగ్గుమనేది. తనూ అదే ఫ్యాక్టరీ నుంచి, అదే బస్సులో వచ్చింది కదా!

చిన్నకోడలి తీరు కూడా అలాగే ఉండేది. పక్కనున్న మనిషిని పలకరించదు. భుజం తగిలితే తప్ప అక్కడ ఎవరో ఉన్నట్టే ఎరగదు. ఒకసారి పెద్దకోడలు ముచ్చటపడి కొనుక్కున్న గాజు జగ్గును మోచేత్తో తోసి పగలగొట్టింది.

"కనబడలేదక్కా. ఈమధ్య పక్కలకి మసగ్గా ఉంటోంది. తల కూడా ఒకటే నొప్పి," అంది ముక్కలు ఏరుతూ.

"మేమెందుకు కనబడతామమ్మా నీకు! చిన్నవాళ్ళం," అని పెద్దకోడలు మూతి తిప్పుకుంది. అత్తగారు చిన్నదాని నుదుటికి మందు రాస్తుంటే, "నాకూ వస్తుంది తలనొప్పి. నేనెప్పుడైనా మంచమెక్కానా?" అని వంటింట్లోంచి వినబడేలా సణిగింది. చిన్నకోడలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం పెద్దకోడలు తను కుట్టిన కాలరు చూపించడానికి చిన్నకోడలి పక్కన చెయ్యి చాచి నిలబడింది. చిన్నకోడలు తీసుకోలేదు. నలుగురిలో తనను కావాలనే నిలబెట్టిందనుకుని పెద్దకోడలికి ఒళ్ళు మండింది. కాలరును ఆమె చెంప పక్కన విసురుగా ఆడించింది. రెప్పైనా కదల్లేదు. రెండోవైపుకి వెళ్ళి ఆడించింది. అటూ అంతే. ఎదురుగా తెచ్చేసరికి, "అక్కా! నువ్వెప్పుడొచ్చావు?" అని చిన్నకోడలు నవ్వింది.

ఇది పొగరు కాదని పెద్దకోడలికి అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఒక్కో కన్ను మూయించి, పక్కనుంచి వేలు తెస్తూ పరీక్షించింది. "కళ్ళజోడుతో పోయేది కాదిది," అని తలకు స్కాన్ తీయించింది. మెదడు అడుగునుండే చిన్న గ్రంథిలో గడ్డ పెరిగి, రెండు కళ్ళ నరాలు కలిసేచోట నొక్కుతోంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

చిన్నకోడలు నోరు తెరిచేలోగా పెద్దకోడలే అంది. "చాన్నాళ్ళ కిందటే చెప్పిందండీ. నేనే పొగరనుకున్నాను."

ముక్కులోంచి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ప్రాణగండం తప్పింది. చూపు చాలావరకు తిరిగొచ్చింది కానీ, ఎడమవైపు అంచు మసకగానే మిగిలింది.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే అదీ దక్కేదేమో," అంది డాక్టరమ్మ. "తలలో జబ్బు ఒక్కోసారి ముందు కళ్ళలోనే బయటపడుతుందమ్మా. పక్కచూపు తగ్గినా, ఒకటి రెండుగా కనబడినా, ఉన్నట్టుండి రెప్ప వాలిపోయినా ఆగకూడదు."

అత్తగారు చిన్నకోడలి చెయ్యి వదలకుండా కూర్చుంటే, పెద్దకోడలికి అప్పటికీ లోపలెక్కడో చురుక్కుమంది. తనమీద తనకే రోత పుట్టింది. లేచి, ఎడమవైపున్న మంచినీళ్ళ గ్లాసును తీసి తోటికోడలి ఎదురుగా పెట్టింది.

చిన్నకోడలు తిరిగి పనిలోకి వెళ్ళిన రోజు బొత్తాలావిడ పెద్దకోడలి చెవిలో గుసగుసలాడింది. "ఆ వాచ్‌మన్‌ని చూశావా? పొద్దుట్నుంచి నాకు కన్ను కొడుతున్నాడు!"

పెద్దకోడలు గేటు దాకా వెళ్ళి చూసింది. అతని ఒక రెప్ప వాలిపోయి ఉంది. అతను ఎంత ఎత్తబోయినా అది లేవడం లేదు. వెంటనే ఆటో పిలిచింది.

"కన్ను కొట్టడం కాదే అది, జబ్బేమో! మనిషి తీరు మారితే మాటలనడం తర్వాత. ముందు 'నీకు సరిగ్గా కనబడుతోందా' అని అడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి," అంది వెంట వచ్చిన బొత్తాలావిడతో.