పైన ఏమీ లేదట

అయినా కోట కట్టేదే మనుషులు లోపలికి రాకుండా కదా, అనుకుంది అంగరడ్. వందల ఏళ్ళ కిందట ఎవరో ఇంగ్లీషు రాజు ఇంత రాయి మోయించి, ఇంత సున్నం కలిపించి, వేల్స్ వాళ్ళు ఒక్కరు కూడా బురుజెక్కకూడదని కట్టించాడు. మిగతా అందరి విషయంలో ఆయన ఓడిపోయాడు. పిల్లాజెల్లా చిప్స్ తింటూ ఎక్కేస్తున్నారు. తన ఒక్కదాని విషయంలోనే గెలిచాడు. పాపం, ఆ గెలుపైనా ఆయనకు మిగలనివ్వచ్చు కదా!

"కళ్ళు మూసుకో. నేను చెప్పేదాకా తెరిచావంటే ఒట్టే," అన్నాడు ఇద్వల్, వెనక నుంచి చక్రాల కుర్చీ నెడుతూ. మొగుడి గొంతులో ఆ పొంగు వినగానే ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇద్వల్ అంత సంతోషంగా ఉన్నాడంటే తనకేదో మూడిందన్నమాటే.

మూడేళ్ళ కిందట ఆమె కాళ్ళు పని మానేసినప్పటి నుంచీ కోటల విషయంలో వాళ్ళింట్లో ఒక ఆచారం ఏర్పడింది. ఇద్వల్, అతని అక్క ఎలునెడ్, కూతురు లౌరి బురుజెక్కుతారు. అంగరడ్ కింద ఎండలో, ఎండ లేకపోతే వానలో కూర్చుంటుంది. కాసేపటికి ముగ్గురూ బుగ్గలు ఎర్రగా, కళ్ళు మెరుస్తూ దిగి వచ్చి, చావుకబురు చెప్పేవాళ్ళలా మొహాలు వేలాడేస్తారు. "పైన ఏమీ లేదు" అంటాడు ఇద్వల్. "పావురాల రెట్ట" అంటుంది ఎలునెడ్. "కంపు" అంటుంది లౌరి. అప్పుడు అంగరడ్ సముద్రం వైపు చూసి ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. వెంటనే ఐస్‌క్రీమ్ వస్తుంది.

ఆ నిట్టూర్పు దొంగది. ఆమెకు ఎత్తంటే భయం. నిచ్చెన మొదటి మెట్టు మీదే నడుము వణికే రకం. కానీ పెళ్ళికి ముందు ఇద్వల్ "నీకు కోటలిష్టమేనా?" అని అడిగినప్పుడు అతని కళ్ళలోని ఆశ చూసి "ప్రాణం" అనేసింది. ఆ ఒక్క మాటకు ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని బురుజులెక్కింది. చక్రాల కుర్చీ వచ్చిన రోజు అందరూ ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున, ఎవరికీ చెప్పుకోలేని ఒక చిన్న గంతు ఉంది.

"తెరువు!"

తెరిచింది. బురుజు గోడకు అంటుకుని, నిలువునా ఆకాశంలోకి, కప్పు లేని ఒక గాజు పెట్టె.

"లిఫ్టు!" అన్నాడు ఇద్వల్, రెండు చేతులూ దానివైపు చాపి.

"నాన్న రెండేళ్ళు తిరిగాడమ్మా దీనికోసం," అంది లౌరి. "కోట కమిటీ వాళ్ళు నాన్నని చూస్తే మరుగుదొడ్లో దాక్కునేవాళ్ళు."

"ఇంక దిగులుపడకే పిల్లా," అంది ఎలునెడ్. "మావాడిది ఉడుంపట్టు. ఇకమీదట ప్రతి కోటకీ పెట్టిస్తాడు."

"ప్రతి కోటకీనా, వదినా?"

"ఒక్కటి వదిలితే ఒట్టు!"

వేల్స్‌లో ఎన్ని కోటలున్నాయో ఆలోచించబోయి మానుకుంది అంగరడ్. ఇప్పుడే చెప్పేయాలి. కానీ చెబితే, ఇద్వల్ ఇన్నేళ్ళూ బురుజుల మీద తన పక్కన నిలబెట్టుకున్న మనిషి లేనట్టే కదా. అతని మొహం చూసింది. నవ్వి తలూపేసింది.

తాళాల గుత్తి పట్టుకున్న ఉద్యోగిని కుర్చీని లోపలికి ఎక్కించింది. "ఒక్కరికే చోటండి. పైకెళ్ళే బటన్ ఇది, కిందికి ఇది. నొక్కి పట్టుకున్నంతసేపే కదుల్తుంది. వేలు తీశారంటే ఆగిపోద్ది."

"మేం పైన ఉంటాం!" అంటూ ముగ్గురూ మెట్ల మీద పరుగు తీశారు.

అంగరడ్ బటన్ నొక్కింది. నేల మెల్లగా జారిపోయింది. ఇదివరకు మెట్లెక్కడమే నయం, అనుకుంది. ముందు నుంచి ఇద్వల్ లాగేవాడు, వెనక నుంచి జనం తోసేవాళ్ళు. తను కనురెప్పలు మూసి ఊరుకునేది. ఇప్పుడు భయపడేదీ తనే, భయపెట్టేదీ తనే. ఇదెక్కడి న్యాయం!

వేలు తీసేసింది. పెట్టె సగంలో ఆగింది. పక్కన గోడ మీది సముద్రపు కాకి ఒకటి, ఈమె దగ్గర తినడానికేమైనా ఉందా అన్నట్టు మెడ చాపింది.

పైనుంచి ఇద్వల్ తల బయటికొచ్చింది. "ఏమైంది? చెడిపోయిందా?"

"లేదు! వేలు తీశాను!"

"నొప్పి పెడుతోందా?"

"ఇద్వల్! నాకు ఎత్తంటే భయం!"

"ఏంటీ? గాలి!"

కింద టికెట్ల వరసలో నిలబడ్డ ఒక లావుపాటి పెద్దమనిషి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఆవిడకి ఎత్తంటే భయమటండీ!"

"ఎప్పట్నుంచీ?"

"పుట్టినప్పట్నుంచీ!" అంది అంగరడ్.

"పుట్టినప్పట్నుంచటండీ!"

"మరి పెళ్ళైన కొత్తలో సూర్యాస్తమయం చూసి ఏడ్చావుగా?"

"చూడలేదు! కళ్ళు మూసుకునే ఏడ్చాను!"

ఎలునెడ్ తల కూడా బయటికొచ్చింది. "నే మొత్తుకోలేదట్రా! ప్రతి ఫొటోలోనూ కళ్ళు మూసుకునే ఉంటుంది. 'ఆనందం పట్టలేక' అన్నావు, వెర్రి నాగన్నా!"

"మరి కింద ఆ నిట్టూర్పులెందుకమ్మా?" అంది లౌరి.

"ఐస్‌క్రీమ్ కోసం!"

వరసంతా గొల్లుమంది. ఇద్వల్ మాత్రం నవ్వలేదు. గాలి కాస్త తగ్గింది. అతను గోడ మీంచి ఇంకాస్త వంగి, అరవకుండా అడిగాడు. "మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకొచ్చావే?"

కింద పెద్దమనిషి నోరు తెరిచి, ఇది మోయాల్సిన మాట కాదనుకున్నాడేమో, మూసుకున్నాడు.

 అబద్ధం చెప్పి చెప్పి నిజం ఎక్కడ పెట్టిందో మరిచిపోయినట్టనిపించింది అంగరడ్‌కు. వెతికితే దొరికింది.

"నువ్వు చెప్పేది వినడానికి! పైకెక్కగానే నా చెవిలో వాగేవాడివిగా. అదిగో పడవ, అదిగో తడిసిన గొర్రె, అదిగో ఎవడో పాదిరీ సైకిల్ మీంచి పడ్డాడు అని. నాకదే ఇష్టం. ఈ మూడేళ్ళూ ఏమడిగినా పైన ఏమీ లేదంటారు, ముగ్గురూ!"

 ఇద్వల్ వెనక్కి తిరిగి బురుజు అవతలి వైపుకు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి అతని మొహంలో, దాచుకున్న మిఠాయి బయటపెట్టబోయే పిల్లవాడి కళ ఉంది.

"అంగరడ్! ఇక్కడ ఒకావిడ మేకకి గొడుగు పడుతోంది!"

"అబద్ధం!"

"మీ అమ్మ తోడు! మేకేమో గొడుగు తింటోంది!"

"అరవకు, గొంతు పోతుంది. కిందికొచ్చి మొదట్నుంచీ చెప్పు," అంది అంగరడ్.

"అమ్మా, అది కాదు, పైది! పైది నొక్కు!" లౌరి కేకలు పెడుతూనే ఉంది.

అంగరడ్ కింది బటన్ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కింది.