జెండా తాడు

పటమటలో మా అపార్ట్‌మెంట్‌లో పంద్రాగస్టుకి జెండా ఎగరేసేది ఎప్పుడూ నాగేశ్వరరావు గారే. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. జెండా మడతల్లో బంతిరేకులు కూడా ఆయనే పెట్టుకుంటారు, ఇంకొకరిని ముట్టనివ్వరు. అలాంటిది ఈ ఏడు అసోసియేషన్ వాళ్ళు ఆ అవకాశం కాశీరావుకి ఇచ్చారు.

కాశీరావుది బందరు దగ్గర సముద్రపొడ్డున ఓ పల్లె. గుజరాత్ బోట్లలో వేటకెళ్ళి, హద్దు దాటి పట్టుబడి, కరాచీ జైల్లో ఉండి వచ్చాడు. ఇప్పుడు కూతురు ఉషతో మా రెండో అంతస్తులో ఉంటున్నాడు. సరిహద్దులో గొడవలు మొదలయ్యాక అందరికీ అతనే హీరో. పిల్లలు సెల్ఫీలు దిగుతున్నారు. నాగేశ్వరరావు గారికి ముద్ద దిగడం లేదు. జన్మంతా దేశం గురించి పాఠాలు చెప్పింది తానైతే, దారి తప్పి దొరికిపోయినవాడికా జెండా!

ఆయనకి ఒక్కటే ధైర్యం. ఓ సాయంత్రం మెట్ల మీద కూర్చుని కాశీరావు ఆయనకో సంగతి చెప్పాడు. "జైల్లో జొరమొచ్చి పోయేవాణ్ణేనండి. అక్కడి వార్డరు ఇంటికాడ నుంచి జావ తెచ్చి తాగించాడు. మహానుభావుడండి." ఈ మాట జనం ముందు అనిపిస్తే చాలు, జెండా మళ్ళీ తనదే.

పంద్రాగస్టు పొద్దున అందరూ చేరగానే నాగేశ్వరరావు గారు తియ్యగా అడిగారు.

"కాశీరావు గారూ, అక్కడ మీకు మంచి చేసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారాండీ?"

కాశీరావు జనం మొహాలు చూశాడు. ఉష భయంగా తల అడ్డంగా ఊపింది.

"ఎవురూ లేరండి. అందరూ రాచ్చసులే" అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి.

నాగేశ్వరరావు గారు ఉండబట్టలేకపోయారు. "అబద్ధం! జ్వరమొస్తే జావ పోసి బతికించింది పాకిస్తాన్ వాడు కాదూ? మహానుభావుడని నువ్వే అన్నావు!"

చప్పట్లు ఆగిపోయాయి.

"ఇవాళేంటి మాస్టారూ, పాకిస్తాన్‌ని వెనకేసుకొస్తున్నారు?" అన్నాడు సెక్రటరీ సంజీవరావు.

"ఇలాంటోళ్ళా పిల్లలకి హిస్టరీ చెప్పింది!" అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. మా వాళ్ళ దేశభక్తి అంతే లెండి, పక్కదేశాన్ని ఎంత తిడితే అంత. కాశీరావు తాడు లాగాడు, జెండా ఎగిరింది.

స్వీట్లు పంచేటప్పుడు కాశీరావు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"నేను పిరికోణ్ణండి. నా పేణం కాపాడినోణ్ణి రాచ్చసుడన్నాను. అంతమందిలో మీరొక్కరే నిజం చెప్పారు. మీది గొప్ప మనసండి."

పక్కనున్న నాగేశ్వరరావు గారి భార్య రమాసుందరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎంత మంచివాడండీ కాశీరావు!" అంది.

తప్పు ఒప్పుకోవడంలో కూడా వీడే ముందా అని నాగేశ్వరరావు గారికి ఒళ్ళు మండిపోయింది.