నాలుగుకీ ఐదుకీ మధ్య సముద్రం

ఆ ఆరంతస్తుల భవనంలో ఆమెను అందరూ పళ్ళక్క అనేవారు. పై అంతస్తులో, చివరి గదిలో కట్టుడు పళ్ళు చేసేది. పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి తెల్లకోటు తొడుక్కుని, పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులన్నీ బల్ల మీద వరసగా పెట్టుకునేది. మైనంతో పన్ను చెక్కడం, రంగు కలపడం, సానపట్టడం, ఇదే పని సాయంత్రం దాకా. సిగరెట్టు తాగేవాడి పంటికి ఏ మూల ఎంత పసుపు ఛాయ ఇవ్వాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని డాక్టర్లే ఒప్పుకునేవారు. ఇరవై రెండేళ్ళలో కొన్ని వేలమందికి పళ్ళు చేసింది గానీ వాళ్ళలో ఒక్కరి నవ్వూ చూసి ఎరగదు. అచ్చులు వచ్చేవి, పళ్ళు వెళ్ళేవి, అంతే.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే తీరిక లేక అనేది. తమ్ముడి ఇంట్లో ఉండేది. రెండు గదులూ ఒక హాలూ ఉన్న ఆ ఇంట్లో హాలు గోడంతా ఆమె అద్దాల బీరువాయే. అందులో ముప్ఫై ఒక్క బొమ్మ కార్లు, ఒక్కోటి చూపుడువేలంత. అన్నీ పాతకాలపు ఫ్రెంచి షికారు బండ్లే. తలుపులకి బదులు గొలుసులు వేలాడే కారొకటి. ముడతల రేకుతో చేసిన వ్యాను మరొకటి, దాని కప్పు పైకి లేస్తే లోపల మంచం. అడవి బండిలా వేషం వేసుకున్న మామూలు కారు ఇంకొకటి. అన్నిటికంటే ముందు కొన్నది మెహారి. వేగంగా పరుగెత్తే ఒంటె పేరట అది. నారింజ రంగు, ఒళ్ళంతా ప్లాస్టిక్కు, పైన గుడ్డ కప్పు. పాత సామాన్ల సంతలో దాని ముందు అద్దం ఫ్రేము విరిగిపోయి కనిపిస్తే, ముందు పన్ను విరిగిన మనిషిని చూసినట్టు జాలేసి తెచ్చుకుంది. తన పనిముట్లతోనే బాగుచేసింది. ఆ తరవాత ఇంకొకటి, ఇంకొకటి.

ఆమె చేతిలో బాగుపడ్డ ప్రతి బండికీ దాని వాతావరణం తిరిగొచ్చేది. ఏ పూట షికారు కోసం పుట్టిందో ఆ పూట దాని చుట్టూ జానెడు మేర ఉండేది. గొలుసుల కారు దగ్గర చెట్ల నీడా తేనెటీగల రొదా. ముడతల వ్యాను దగ్గర కొండమీది సన్నజల్లు. మెహారి దగ్గర ఎండ, ఉప్పుగాలి, అలల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు. మరదలు తలంటుకున్నాక బీరువా తలుపు తీసి, మెహారి ఉన్న రెండో అరకి వీపు పెట్టి జుట్టు ఆరబెట్టుకునేది. తమ్ముడు ఆదివారాలు గొలుసుల కారు పక్కన తల పెట్టుకుని కునుకు తీసేవాడు. పక్కింటి మాస్టారు వాన రోజుల్లో మోకాలు కాచుకోడానికి వచ్చి, మెహారి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు.

ఆ ఏడు మేనకోడలు పెద్ద పరీక్షలకి కూర్చోవాలి. చదువుకోడానికి హాలు తప్ప చోటు లేదు. ఒక సాయంత్రం పళ్ళక్క ఇంటికొచ్చేసరికి, ఆ పిల్ల సముద్రపు పక్షుల గోల వినబడకుండా చెవుల్లో దూది పెట్టుకుని పాఠం వల్లె వేస్తోంది. అత్తని చూసి గబుక్కున దూది తీసి పుస్తకం కింద దాచింది.

ఆ దాచడమే పళ్ళక్క మనసుకి తగిలింది. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా ఒకరి గోడ ఆక్రమించుకుని ఉన్నాననుకుంది. తన సేకరణ ఇమ్మని కొన్నేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్న మనిషి ఒకడు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఇస్తానని అతనికి రాసేసింది. ముందు మెహారి పంపండి, తక్కినవాటికి నేనే మనుషుల్ని పంపుతానని జవాబొచ్చింది. సంగతి తెలిసి తమ్ముడు వద్దక్కా అని బతిమాలాడు. మరదలు రెండు రోజులు మాట్లాడటం మానేసింది. మేనకోడలు ఏడ్చింది. పళ్ళక్క మాత్రం మాట ఇచ్చేశానని ఊరుకుంది.

మూడో రోజు మెహారిని డబ్బాలో దూది మధ్య పెట్టి పనికి తెచ్చుకుంది. భోజనం అయ్యాక కొత్త మనిషి చేతికి వెళ్తోంది కదా అని కప్పుకి పట్టిన దుమ్ము బ్రష్షుతో దులిపింది. మూడింటికి డబ్బా పట్టుకుని లిఫ్టెక్కింది. పోస్టాఫీసు అదే భవనంలో కింది అంతస్తులోనే ఉంది.

ఆ లిఫ్టు పాతది. జాలి తలుపూ, ఇత్తడి పిడీ, పిడి పక్కన స్టూలు మీద లిఫ్టాయనా. ఇరవై ఆరేళ్ళుగా ఆయన అక్కడే. బయట వానో ఎండో ఎక్కేవాళ్ళ భుజాలు చూసి తెలుసుకునేవాడు. భార్య పోయి తొమ్మిదేళ్ళయింది, పిల్లల్లేరు. నవ్వగా ఎవరూ చూడలేదు. ఎండ తగలక ఎముకలు గుల్లబారుతున్నాయని, రోజూ మధ్యాహ్నం అరగంట ఎండలో కూర్చోమని మూడో అంతస్తు డాక్టరు చెప్పాడు. అలాగేనన్నాడు గానీ, మధ్యాహ్నం ఆయన ఉండేది లిఫ్టులోనే. పళ్ళక్కకీ ఆయనకీ మధ్య ఇన్నేళ్ళలో నడిచిన మాటలు రెండే. పొద్దున "ఆరు", సాయంత్రం "కిందికి".

ఐదో అంతస్తులో బీమా ఆఫీసరు ఎక్కాడు. టై బిగించుకుని, చంకలో ఫైలుతో, కింద ఏదో మీటింగుకి హడావిడిగా వెళ్తున్నాడు. లిఫ్టు ఐదు దాటింది, నాలుగుకి చేరకుండానే గుడగుడమని ఆగిపోయింది. దీపం ఆరింది. లిఫ్టాయన గంట కొట్టాడు. పైనుంచి ఎవరో, మెకానిక్కు ఊరి అవతల ఉన్నాడని, రావడానికి గంటన్నర పడుతుందని కేకేసి చెప్పారు.

ముందు ఆఫీసరు విసుక్కున్నాడు. పది నిమిషాలకి చెమటలు పట్టాయి. కాసేపటికి ఊపిరాడటం లేదంటూ టై లాక్కుని జాలి పట్టుకుని ఊపడం మొదలెట్టాడు. జాలికి ఎదురుగా సిమెంటు గోడ తప్ప ఏమీ లేదు. లిఫ్టాయన భుజం పట్టుకుని కూర్చోబెట్టబోతే విదిలించుకున్నాడు. మనిషి మొహం పాలిపోయింది.

పళ్ళక్క ఇంకేమీ ఆలోచించలేదు. డబ్బా విప్పి, దూది తీసి, మెహారిని స్టూలు మీద పెట్టింది.

బీరువాలోనైతే జానెడు మేరలో ఆగేది. ఇక్కడ నాలుగు వైపులా మూసి ఉండడంతో లిఫ్టంతా నిండింది. ఇనపరేకుల మీద ఎండ పడింది. ఉప్పుగాలి వచ్చి ఆఫీసరు టైని ఎగరేసింది. కింద ఎక్కడో అల విరిగి, నురగ వెనక్కి జారుతున్న చప్పుడు, పైన పక్షుల గోల. ఆఫీసరు గుండెల నిండా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. బూట్లు విప్పి, పేంటు మోకాళ్ళ దాకా మడిచి, గోడకి చేరగిలబడి ఫైలు మొహం మీద కప్పుకున్నాడు. అయిదు నిమిషాల్లో గురక.

లిఫ్టాయన టోపీ తీసేసి, కళ్ళు మూసుకుని మొహం పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఎవరు చేశారు మేడం?" అన్నాడు చివరికి.

చేసింది తను కాదని, బాగుచేసింది తనేనని చెప్పింది. సంత సంగతి చెప్పింది, తక్కిన ముప్ఫై సంగతీ చెప్పింది. అన్ని మాటలు ఒక్కసారిగా ఎవరితోనూ మాట్లాడి ఎరగదు. స్టూలు ఖాళీ లేదు కాబట్టి ఇద్దరూ నేలమీదే కూర్చున్నారు.

"ఇప్పుడెక్కడికి తీసుకెళ్తున్నారు?"

"పోస్టాఫీసుకి. అన్నీ ఇచ్చేస్తున్నాను."

"ఇంట్లోవాళ్ళు తీసెయ్యమన్నారా?"

"ఎవరూ అనలేదు. అనేదాకా ఉండకూడదనిపించింది."

లిఫ్టాయన తల ఊపాడు. తనకి మేడ మీద, లిఫ్టు మోటారు గదిని ఆనుకుని ఒక గది ఇచ్చారని, భార్య పోయాక అక్కావాళ్ళు తమ దగ్గరికి వచ్చెయ్యమన్నా వెళ్ళకుండా అందులోనే ఉంటున్నానని చెప్పాడు. తొమ్మిదేళ్ళలో గోడకి ఒక్క మేకు కూడా కొట్టలేదట. కొట్టి తగిలించడానికి ఏముందని.

ఆమె వైపు కాకుండా బండి వైపు చూస్తూ అన్నాడు. "పెద్ద గోడే మేడం. బీరువా పడుతుంది. మోటారు రొదకి అలవాటు పడ్డవాణ్ణి, పక్షులు నన్నేం చేస్తాయి?"

అని నవ్వాడు. ఎడమ వైపు పైవరసలో మూడో పన్ను దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. అంచున లేత పసుపు, చిగురు దగ్గర సన్నటి గీత. ఆరేళ్ళ కిందట ఆ ఛాయ కుదరక మూడుసార్లు చెరిపి మళ్ళీ కలిపింది. ఎవరిదో ఏమిటో అనుకుంది అప్పుడు.

"ఆ పన్ను నేను చేసిందే," అంది.

ఆయన నాలుకతో పన్ను తడిమి చూసుకున్నాడు. "ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు," అన్నాడు.

మెకానిక్కు వచ్చి లిఫ్టు కదిలించేసరికి నాలుగున్నర దాటింది. కింద తలుపు తెరుచుకోగానే ఆఫీసరు లేచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఎండకి కందిన ముక్కుతో మీటింగుకి నడిచాడు. లిఫ్టాయన టోపీ పెట్టుకున్నాడు. పోస్టాఫీసు మూసెయ్యడానికి ఇంకా పావుగంట ఉందని చెప్పాడు. ఆమె డబ్బా పట్టుకుని అటు చూస్తూ కాసేపు నిలబడింది.

"పైకి," అంది.

వేరే ఊరి మనిషికి క్షమించమని ఉత్తరం రాసింది. రెండో ఆదివారం తమ్ముడూ, లిఫ్టాయనా, పక్కింటి మాస్టారి అల్లుళ్ళూ కలిసి బీరువాని మేడ మీద గదికి చేర్చారు. ఒక్క బండైనా ఇక్కడ ఉండాల్సిందేనని మరదలు పట్టుబట్టి, ముడతల వ్యానుని కుండీల పక్కన పెట్టుకుంది. మేనకోడలికి చదువుకోడానికి గోడ మిగిలింది. రోజూ భోజనాల వేళ పళ్ళక్క దుమ్ము తుడవడానికని మేడెక్కేది. లిఫ్టాయన కూడా పిడి కాసేపు చౌకీదారుకి అప్పజెప్పి, మెహారి ముందు అరగంట కూర్చునేవాడు. కొన్నాళ్ళకి దుమ్ము తుడవడం తొందరగా అయిపోతున్నా ఆమె కిందికి దిగడం ఆలస్యమయ్యేది. నాలుగు నెలలకి మూడో అంతస్తు డాక్టరు ఎముకలు బాగా గట్టిపడ్డాయన్నాడు. ఆ వారమే తమ్ముడు ఒక్కడే మేడెక్కి లిఫ్టాయనతో గంటసేపు మాట్లాడి వచ్చి, "నీకెప్పుడు తీరిక అక్కా?" అని అడిగాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకాలకి తమ్ముడూ, బీమా ఆఫీసరూ వచ్చారు. ఆ వయసులో వచ్చిన జంటని చూసి రిజిస్ట్రారు ముచ్చటపడి, కాయితాలు సర్దుతూ, మీరిద్దరూ మొదట ఎక్కడ కలుసుకున్నారని అడిగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సముద్రం దగ్గర," అంది పళ్ళక్క.

"నేనూ అక్కడే ఉన్నానండీ," అన్నాడు ఆఫీసరు, సంతకం పెడుతూ.

రిజిస్ట్రారు ముద్ర వేశాడు.